కబుర్లకు రిటైర్మెంటు లేదు!

రిటైరైన మగవాళ్ళు ఇంటిపట్టున ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళకి పని తగ్గుతుందా, పెరుగుతుందా? ఈ ప్రశ్న వేస్తే మా వీధిలో నలుగురు నాలుగు రకాలుగా నవ్వారే తప్ప జవాబు చెప్పలేదు. ఆ నవ్వుల్లోనే జవాబు ఉందిలెండి!

మా మామగారు బడిపంతులుగా చేసి 2011లో రిటైరయ్యారు. అప్పట్లో యాభై ఎనిమిదేళ్ళకే రిటైర్మెంటు. ఇప్పుడాయనకి డెబ్భై రెండు. చూపు బాగుంది, చెవి బాగుంది, గొంతయితే మరీ బాగుంది. ముప్పై ఏళ్ళకు పైగా క్లాసులో చివరి బెంచీకి వినబడేలా మాట్లాడిన గొంతు కదా, దాన్ని తీసుకొచ్చి మూడు గదుల ఇంట్లో పెడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పొద్దున్నే ఉగ్గాని తిని, పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, పంచలో కుర్చీ వేసుకుని కూర్చున్నారంటే ఇక మొదలు. రాజకీయాలు, సినిమాలు, తాను తిరిగిన ఊళ్ళు, మన కుటుంబం... ఎక్కడ ఎత్తుకున్నా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. దారిన పోయేవాళ్ళు ఆగుతారు, కూర్చుంటారు, కాఫీలు తాగుతారు. కాఫీలు ఎక్కడి నుంచి వస్తాయో వేరే చెప్పాలా?

మాది గార్లదిన్నె. అనంతపురం నుంచి గుత్తి వైపు హైవేలో అరగంట ప్రయాణం. హైదరాబాదు, బెంగుళూరు మధ్య తిరిగే బస్సులు మా ఊరి పక్కగా రయ్యిమని పోతాయి. ఆగేవి తక్కువ. అయితే మా మండలాన్ని దేశమంతా ఒకసారి తిరిగి చూసింది. మా మండలంలోని ఇల్లూరులో 1913 మే 19న నీలం సంజీవరెడ్డి పుట్టారు మరి! ఇక్కడ ఎవరింట రాజకీయం మొదలైనా ఇల్లూరు దాకా పోకుండా ఆగదు. మా మామగారిది అయితే అక్కడ మొదలై, ఢిల్లీ పోయి, మళ్ళీ ఇల్లూరికి వచ్చి ఆగుతుంది.

ఆయన చెప్పే పద్ధతి పాఠం చెప్పినట్టే ఉంటుంది. అనంతపురంలో కాలేజీ చదువు మధ్యలో వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకడం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే తొలి ముఖ్యమంత్రి కావడం, రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల మీద రాజీనామా ఇవ్వడం. "కోర్టు ఒక మాట అనింది, ఆయప్ప కుర్చీ దిగినాడు. అంతే!" అంటారు మామగారు, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు దిగాల్సి ఉన్నట్టు చూస్తూ.

ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన పాఠం 1969ది. ఆ ఏడాది సంజీవరెడ్డి కాంగ్రెసు అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. సొంత పార్టీ ప్రధానమంత్రి ఇందిరాగాంధీయే అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యమన్నారు. వి.వి.గిరి గెలిచారు. ఓడినాయన అనంతపురం వచ్చి సేద్యం చూసుకున్నారు. 1977లో మళ్ళీ లేచి నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున పోటీ చేశారు. ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లుంటే 41 కాంగ్రెసుకి పోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ ఈయనది! లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ జులైలోనే ఎనిమిదేళ్ళ కిందట ఓడిన పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. అప్పటికి మామగారు ఉద్యోగంలో కొత్త. బడిలో రేడియో చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి ఆ వార్త వినిపించారట. "ఓడినోడు ఇంటికాడ కూర్చున్నంత మాత్రాన కథ అయిపోయినట్టు కాదమ్మా" అని నాతో కనీసం నూరుసార్లు చెప్పి ఉంటారు.

కాని ఇదే చరిత్రలో నన్ను పట్టుకుని వదలని ఘట్టం వేరే ఉంది. 1952 ఎన్నికల్లో అనంతపురంలో సంజీవరెడ్డి ఓడిపోయారు. ఓడించింది ఎవరనుకున్నారు? కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ బావాబావమరుదులు! తరిమెల మాకు పక్క మండలమే, శింగనమల. మామగారు ఈ కథని "రాజకీయమంటే అట్లుండల్ల, బంధుత్వం ఇంట్లో, సిద్ధాంతం బయట" అని ముగిస్తారు. నాకు మాత్రం ఆ రెండిళ్ళ ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఇటు చూస్తే అయినవాడు, అటు చూస్తే అయినవాడు. ఓట్ల లెక్కింపు రోజు వంటింట్లో ఏం మాట్లాడుకుని ఉంటారు? ఎవరి కోసం మొక్కుకుని ఉంటారు? మామగారిని అడిగితే "అదంతా మనకెందుకమ్మా" అనేశారు. అత్తగారు శెనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండా, "ఏముంటుంది? గెలిచినోనికీ అన్నం వండల్ల, ఓడినోనికీ వండల్ల" అన్నారు.

ఆ మాటతోనే నాకు మొదటిసారి అనిపించింది, ఈ ఇంట్లో కబుర్లు చెప్పగలిగినవాళ్ళు ఇంకొకరున్నారని. వాళ్ళకి కుర్చీ లేదు, అంతే.

ఎన్నికల డ్యూటీ కథలే చూడండి. పంతుళ్ళు లేకుండా మన దేశంలో ఎన్నికలు లేవు కదా! మామగారు 1978 నుంచి 2009 దాకా అసెంబ్లీ, లోక్‌సభ అని ఎన్ని ఎన్నికలు చేశారో వేళ్ళు మడిచి లెక్క చెబుతారు. బ్యాలెట్ పెట్టె తలకింద పెట్టుకుని పడుకున్న రాత్రి, సిరా సీసా ఒలికి అధికారి చొక్కా పాడైన వైనం, 2004లో దేశమంతా ఓటింగు మిషన్లు వచ్చినప్పుడు ఒక అవ్వ "నా ఓటు యాడికి పోయింది నాయనా, కాగితం కనపడలేదే" అని బూతు వదలకుండా నిలబడిన సంగతి... వింటుంటే పొట్ట చెక్కలవుతుంది. తాను మాత్రం ఎవరికి ఓటేశారో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి కూడా.

అదే ఎన్నికల రాత్రులు అత్తగారు చెబితే వేరుగా ఉంటాయి. ఆ రోజుల్లో మా సీమలో కొన్ని ఊళ్ళకి డ్యూటీ పడిందంటే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఫోను లేదు. లారీ ఎక్కి పోయిన మనిషి మూడో రోజు వచ్చేదాకా బతికి ఉన్నాడో లేడో తెలియదు. "మీ మామ పెట్టె మీద తల పెట్టి బాగా నిద్రపోయినాడంట. నేను ఆ రెండు రాత్రులూ వాకిట్లో కూర్చోనుంటి" అన్నారావిడ. ఆ మాట విన్నప్పుడు మామగారు అక్కడే ఉన్నారు. యాభై ఏళ్ళ సంసారంలో ఈ సంగతి ఆయనకీ కొత్తే!

ఇంతకీ మా ఇంట్లో అసలు చిక్కు ఏమిటంటే, బెంగుళూరు.

మా బావగారు, అంటే మావారి అన్న, బెంగుళూరులో ఉద్యోగం. ఫ్లాటు కొన్నారు. అమ్మానాన్నల్ని తీసుకుపోవాలని రెండేళ్ళుగా అడుగుతున్నారు. కోడలూ మంచిదే, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనే మనిషి కాదు. ఇక్కడ ఉన్న నాలుగెకరాల మెట్ట అమ్మేస్తే ఫ్లాటు అప్పు కొంత తీరుతుంది, పెద్దవాళ్ళకి మంచి ఆసుపత్రులు దగ్గరవుతాయి అని ఆయన లెక్క. తప్పు లెక్క అని నేననను. మా జిల్లాలో ఎన్ని ఊళ్ళలో చూడండి, వయసులో ఉన్నవాళ్ళంతా బెంగుళూరులోనే. కొందరు కంప్యూటర్ల ముందు, ఎక్కువమంది తాపీ పనుల్లో, కాపలా పనుల్లో. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళూ, తాళాలు వేసిన వాకిళ్ళూ. మన జిల్లాలో వాన చాలా తక్కువని చిన్నప్పటి నుంచి చదువుకున్నదే కదా. ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్లు, అదైనా శెనక్కాయ ఊడలు దిగే వేళకి పడితే పడినట్టు, లేకుంటే లేదు. తుంగభద్ర నీళ్ళు హైలెవల్ కాలవలో వచ్చి చేరే మిడ్ పెన్నార్ డ్యాము పెనకచెర్ల దగ్గర, మా మండలంలోనే ఉంది. ఆ నీళ్ళు మా మెట్టకి మాత్రం ఎక్కవు! పండుగలకి డ్యాము చూసి రావడమే మాకు దక్కింది.

మామగారికి ఈ లెక్కలన్నీ తెలుసు. అయినా బెంగుళూరు అనగానే సంజీవరెడ్డిని పిలుస్తారు. 1982 జులైలో రాష్ట్రపతి పదవీకాలం ముగిశాక ఆయన అనంతపురం వచ్చేశారు. తర్వాత కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే బెంగుళూరులో స్థిరపడమని ఆహ్వానించినా రాలేనన్నారు, తన పొలమే చాలనుకున్నారు. "రాష్ట్రపతి భవనం దిగినాయనే అనంతపురం వచ్చె. గార్లదిన్నె బడి దిగినోణ్ణి, నేను పోవల్లనా బెంగుళూరికి?" ఇదీ మామగారి వాదన. బలమైనదే!

ఒకరోజు మావారు ఉండబట్టలేక, "నాయనా, ఆయన 1996లో కన్ను మూసింది బెంగుళూరులోనే కదా, సమాధి కూడా ఆడే ఉంది" అన్నారు. మామగారు చాలాసేపు మాట్లాడలేదు. పేపరు మడిచి లోపలికి పోయారు. ఆ రోజు పంచలో సభ లేదు, కాఫీలూ లేవు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకే తోచలేదు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించారా? రెండేళ్ళుగా ఫోన్లు నడుస్తున్నాయి. బావగారి అభిప్రాయం తెలుసు, మామగారిది తెలుసు, మావారిది తెలుసు. అత్తగారిని అడిగినవాళ్ళు లేరు. నేనే అడిగాను. ఆవిడ దబరలో చారు తిప్పుతూ ఏమన్నారో తెలుసా?

"బెంగుళూరు బాగానే ఉంటాదే. లిఫ్టు ఉంది, నీళ్ళు కుళాయిలో వస్తాయి, నా మోకాళ్ళకి సుఖమే. కానీ ఆడ మీ మామ మాటలు వినేదానికి ఎవురుండారు? ఈడయితే ఊరంతా పంచుకుంటాది. ఆడికి పోతే పొద్దస్తమానం నేనొక్కదాన్నే వినల్ల!"

నవ్వీ నవ్వీ నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తర్వాత ఆలోచిస్తే అది నవ్వే మాటే కాదు. రిటైరైన మనిషికి ఇల్లు, మందులు, తిండి చూస్తాం. ఆయన మాటలు వినే ఊరిని సామానుతోపాటు లారీలో ఎక్కించలేం కదా. ఆ ఊరు చేసే పనంతా ఒక్క భార్య నెత్తిన పడుతుంది. ఫ్లాటు ప్లానులో ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

సరే, మాటలు మళ్ళించాలని నేనొక ఉపాయం చేశాను. రెండువందల పేజీల లాంగు నోటుబుక్కు ఒకటి తెచ్చి మామగారి చేతిలో పెట్టాను. సంజీవరెడ్డి కూడా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేదు, 'వితౌట్ ఫియర్ ఆర్ ఫేవర్' అని తన జ్ఞాపకాలు 1989లో పుస్తకంగా తెచ్చారు. ఆ మాట గుర్తు చేయగానే మామగారి పెన్నులో సిరా నిండింది! నాలుగు నెలల్లో డెబ్భై పేజీలు రాశారు. అచ్చు బడిపంతులు దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు.

సినిమాల భాగం చదివితే ముచ్చటేసింది. తాడిపత్రి గొప్పతనంతో మొదలుపెట్టారు. బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రి, 1880లో. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ళ ఆడవాళ్ళని నాటకాల్లోకి తెచ్చిన మనిషి ఆయన. డైరెక్టరు కె.వి.రెడ్డిదీ ఆ ఊరే. ఆ ఊరి మూలా నారాయణస్వామి డబ్బు పెట్టకపోతే వాహినీ లేదని మామగారి వాదన. 1943లో 'భక్త పోతన'తో మొదలుపెట్టి, 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డిని, మా మామగారు సొంత పినతండ్రి గురించి రాసినట్టు రాశారు. ఎక్కడో మద్రాసులో వేసిన సెట్టింగుల్ని చూసి ఆంధ్రదేశమంతా నోరు తెరిస్తే, ఆ బుర్ర మాత్రం మన కరువు నేలదే అని ఆయన గర్వం. ఈనాటి సినిమాల మీద రాసిన పేజీ మాత్రం నేను మీకు చెప్పను. మా అబ్బాయి చదివి తాతతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇక కుటుంబం. డెబ్భై పేజీల్లో కుటుంబానికి వచ్చింది ఒక్క పేజీ. పెళ్ళి 1973. పిల్లలు పుట్టిన తేదీలు. బదిలీ అయిన ఊళ్ళు. 'నా ధర్మపత్ని సహకారము మరువలేనిది' అని ఒక వాక్యం. అత్తగారు ఏడో తరగతి దాకా చదివారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి పేజీ పేజీ తిప్పి, ఆ వాక్యం దగ్గర ఆగి, "మరువలేనిది అంటాడు, మరి ఏమి మరిచిపోలేదో రాయకపాయె!" అన్నారు.

నేను ఆ నోటుబుక్కుని తిరగేశాను. వెనక అట్ట వైపు నుంచి ఆవిడ చెబుతుంటే రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఒక గంట. అంతకన్నా ఆవిడకీ తీరదు, నాకూ తీరదు.

వెనక నుంచి చదివితే సినిమా ఇంకోలా ఉంది! పెళ్ళయిన కొత్తలో వాళ్ళున్న ఊళ్ళో టూరింగు టాకీసు. డేరా, నడుమ తడిక కట్టి అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. పాత సినిమాలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. 'మాయాబజార్'కి ఆవిడ మూడుసార్లు పోయారు. మూడుసార్లూ సగమే చూశారు. ఒకసారి పెద్దవాడు ఏడ్చాడు, ఒకసారి చిన్నవాడికి జ్వరం, ఇంకోసారి ఇంటికి చుట్టాలొచ్చారని మనిషి పిలవొచ్చాడు. మామగారు తడికకి అటువైపు మొత్తం చూసొచ్చి, ఇంటికొచ్చాక కథ చెప్పేవారట. "టీవీలో ఎన్నోసార్లు వచ్చింది కదత్తా?" అన్నాను. "వస్తాది. వంటప్పుడే వస్తాది" అన్నారు.

మొన్న దసరా సెలవుల్లో, వంట నేను చూసుకుంటానని ఆవిడని టీవీ ముందు కూర్చోబెట్టాం. మొదటి నుంచి చివరి దాకా, కదలకుండా చూశారు. పెళ్ళిపీటల దగ్గర మాయా శశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోట ఆవిడ నవ్విన నవ్వు నేనా ఇంట్లో కాపురానికి వచ్చాక ఎప్పుడూ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మామగారు సినిమా చూడడం మానేసి ఆవిడనే చూస్తూ కూర్చున్నారు. అయిపోయాక, "నువ్వు చెప్పినప్పుడు ఈ కాలు తొక్కేది చెప్పనే లేదే!" అని ఆయన్ని నిలదీశారు. ఆయన దగ్గర సమాధానం లేదు.

రాజకీయం కూడా వెనక నుంచి వేరే. ఎన్టీఆర్ అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న హిందూపురం నుంచి 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిచారు. 1989లో కల్వకుర్తిలో ఓడితే నిలబెట్టింది హిందూపురమే. మామగారు ముందు పేజీల్లో ఈ సంగతి రాస్తూ, ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు తెచ్చిన చట్టాన్ని తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వస్తే, మన రాష్ట్రానికి 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైంది. కాని ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకి అది వర్తించదు. అత్తగారి పెళ్ళి 1973లో. పుట్టిల్లు పామిడి దగ్గర పల్లె, ఆరెకరాలు, ఇద్దరన్నలు. తండ్రి పోయాక 1998లో అన్నలు భాగాలు పంచుకుని రిజిస్టరు చేసుకున్నారు. 2005లో కేంద్రం చట్టం మార్చి, పెళ్ళయిన ఆడపిల్లలకీ హక్కుందన్నప్పుడు, 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతిగా జరిగిపోయిన పంపకాల్ని కదపకూడదన్నారు. ఇవన్నీ నేను విడమరిచి చెబితే అత్తగారు కాసేపు ఆలోచించి, "రెండు చట్టాల నడుమ సందులో పడిపోతినన్నమాట నేను" అన్నారు. నేను దాన్ని ఆవిడ మాటల్లోనే రాశాను.

ఆ పేజీ మామగారు చదివారు. నేను చదవమనలేదు, దాచనూ లేదు. రెండు రోజులు పంచలో కూర్చోలేదు. మూడో రోజు పొద్దున్నే మావారిని పిలిచి, నాలుగెకరాల్లో రెండెకరాలు అత్తగారి పేరు మీదికి మార్చాలంటే ఏమేం కాగితాలు కావాలో కనుక్కోమన్నారు. బెంగుళూరుకి ఈ కబురు అందింది. "ఇప్పుడెందుకు ఇదంతా? ఎవరు ఎక్కించారు?" అని బావగారు అడిగారట. ఎక్కించింది నేనని ఆయన అనుమానం. పోనీలెండి, కొంతవరకు నిజమే!

ఈ సందర్భంగా మీరూ ఒకసారి మీ ఇళ్ళల్లో చూసుకోండి. పెన్షను పుస్తకంలో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? మా అత్తగారికి పెన్షను వస్తుందని తెలుసు, ఏ బ్యాంకుకి వస్తుందో మొన్నటి దాకా తెలియదు. పిల్లల పేరున ఆస్తి రాసిచ్చేవాళ్ళు, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు ఆ కాగితంలోనే రాయించుకోవడం మంచిది. అట్లా రాసి ఉండి, పుచ్చుకున్నవాళ్ళు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. మన దగ్గర ఆ పని ఆర్డీఓ చూస్తారు. కన్నబిడ్డల్ని అనుమానించడం ఏమిటి అంటారా? అనుమానం కాదు, శెనక్కాయ వేసేటప్పుడు నాలుగు కంది సాళ్ళు కూడా వేస్తాం చూడండి, అలాంటిది. ఒకటి ఎండినా ఒకటి చేతికొస్తుంది.

ప్రయాణాల గురించి మామగారు చాలా రాశారు. పిల్లల్ని తీసుకుని లేపాక్షి, హంపి, గుత్తి కోట. యూనియను సభకి ఢిల్లీ. రైల్వేవాళ్ళు 2020 మార్చిలో పెద్దవాళ్ళ రాయితీ తీసేశారని ఒక పేజీ నిండా కోపం. అత్తగారి ప్రయాణాలన్నీ ఒక పేజీలో సరిపోయాయి. పుట్టిల్లు, ఆసుపత్రి, పెళ్ళిళ్ళు, కోటంక సుబ్రహ్మణ్యస్వామి గుడి, రెండుసార్లు తిరుపతి. ఒంటరిగా బస్సెక్కింది ఎప్పుడూ లేదు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా పోయింది కదా. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా. ఊరికే తిరుగుతున్నారని, సీట్లు దొరకడం లేదని పంచలో సభ ఒకటే గొణుగుడు. సెప్టెంబరులో ఒకరోజు అత్తగారు, ఎదురింటావిడ, పక్కింటావిడ ముగ్గురూ కూడబలుక్కుని, ఆధార్ కార్డులు కొంగున కట్టుకుని తాడిపత్రికి పోయారు. మామగారికి ఉదయం ఆరింటికి చెప్పారు, ఆరున్నరకి బస్సు. "ఒక్కతివే ఎట్ల పోతావ్?" అంటే "ముగ్గురం పోతాండాం" అన్నారు. అంతే!

సాయంత్రం దిగారు. మొహం ఎండకి కమిలిపోయి, కళ్ళు మాత్రం మెరిసిపోతూ. ఆ రోజు పంచలో కుర్చీ మీద కూర్చున్నది ఆవిడ! పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఆ రాతి చెక్కడాలు, గోపురం. "ఇంత కరువు సీమలో స్వామి కింద నీళ్ళు ఊరుతానే ఉండాయే, బుగ్గ అంటే అదేనంట" అని చేత్తో చూపిస్తూ చెప్పారు. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతిరథం చూశారట. కె.వి.రెడ్డి ఇల్లెక్కడని బజారులో ఇద్దరు ముగ్గురిని అడిగారట, వాళ్ళు ఈవిణ్ణి ఎగాదిగా చూశారట. తిరుగు బస్సులో సీటు దొరక్క అనంతపురం దాకా నిలబడే వచ్చారు. మోకాళ్ళ నొప్పి గురించి అడిగితే "ఉండె. ఎవరు చూసినారు దాన్ని?" అన్నారు.

మామగారు మధ్యలో రెండుసార్లు తాడిపత్రి చరిత్ర ఎత్తబోయారు. "ఉండు, నేను చెప్తాండా" అన్నారావిడ. ఆయన ఆగారు. కాసేపటికి ఆయనే లేచి లోపలికి వెళ్ళారు. గ్యాసు వెలిగించిన చప్పుడు వినిపించింది. కాఫీలో చక్కెర కాస్త ఎక్కువైంది, అయినా ముగ్గురావిడలూ గ్లాసు కింద పెట్టకుండా తాగేశారు.

సంక్రాంతికి బావగారు కుటుంబంతో వస్తున్నారు. పొలం సంగతి, బెంగుళూరు సంగతి తేల్చుకునిపోతానని ముందే ఫోను చేశారు. చెప్పాల్సింది తానే చెబుతానని అత్తగారు అన్నారు. ఎండాకాలం రెండు నెలలు పోయి ఉంటారట, మిగతా పది నెలలు ఇక్కడేనట, తన రెండెకరాలు అమ్మేది లేదట. మామగారికి మాత్రం ఒక షరతు పెట్టారు: "నేను మాట్లాడేటప్పుడు నడుమ నువ్వు సంజీవరెడ్డి కథ ఎత్తగూడదు!"